స్ప్రింగు బండి: వడియా, దూరమా?

మన చెన్నపురి మోటారు బండ్లకు పేరెన్నికగన్న పట్టణము. 1948లో ఇచట అశోక్ మోటార్స్ సంస్థ వెలసినది. అదియే 1955లో అశోక్ లేలాండ్ అను పేరు దాల్చినది. అట్టి పట్టణమున చదువుకొను విద్యార్థులు, బండి ఏల కదలును, ఎంత వడితో పోవును, ఎంత దూరమున ఆగును అను విషయమును ఎరిగియుండుట మంచిది. ఇందులకు పెట్రోలు అక్కరలేదు. ఒక చిన్న స్ప్రింగు చాలును.

ఇది క్రొత్త ఊహ కాదు. ఇటలీ దేశీయుడగు లియొనార్డో డా విన్చి 1478 ప్రాంతమున స్ప్రింగులతో తనంతట నడచు బండి చిత్రమును గీసెను. 2004లో ఫ్లారెన్సు నగరమునందలి మ్యూజియమువారు ఆ చిత్రము ననుసరించి నమూనాను చేయింపగా అది నడచినది. 1678లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్ స్ప్రింగు నియమమును ప్రకటించెను. స్ప్రింగును రెండింతలు సాగదీసినచో అది రెండింతల బలముతో వెనుకకు లాగును. అందు దాగియుండు శక్తి మాత్రము నాలుగింతలగును. హద్దు మీరి లాగినచో స్ప్రింగు తన రూపమును కోల్పోయి పనికిరాకుండ పోవును.

బండి నిర్మాణము

కొయ్యపలకపై స్ప్రింగు అమర్చిన ఎలుకబోను బజారులో దొరకును. దానిని తేలికయైన పలకపై బిగింపవలెను. బోను కమ్మికి ఒక పొడవైన పుల్లను కట్టవలెను. దీనిని మీట అందము. మీట కొనకు గట్టి దారమును కట్టి, రెండవ కొనను వెనుక ఇరుసుకు చుట్టవలెను. మీటను వెనుకకు వంచి విడిచినపుడు అది ముందుకు లేచి దారమును లాగును. దారము ఇరుసును త్రిప్పును. పాత సీడీలు చక్రములుగా ఉపయోగపడును.

దారమును ఇరుసుకు ముడివేయరాదు. ఇరుసునకు చిన్న కొక్కెమును అమర్చి, దారపు ఉచ్చును దానికి తగిలింపవలెను. ముడివేసినచో దారము అయిపోయిన పిదప తిరిగి చుట్టుకొని బండిని ఆపివేయును.

ఒకే శక్తి, రెండు విధములు

పాఠములో ముఖ్యమైన మాట ఇది. బోనులోని స్ప్రింగు ఒక్కటే, అందలి శక్తియు ఒక్కటే. దానిని ఖర్చుచేయు విధము మన చేతిలో నున్నది. ఒక నెల జీతమును పండుగనాడే ఖర్చు పెట్టవచ్చును, నెలంతయు పొదుపుగా వాడుకొనవచ్చును. రెండును ఒకేమారు చేయజాలము.

లెక్క చూతము. మీట పొడవు 10 సెంటీమీటర్లు అనుకొందము. అది అర్ధవృత్తము తిరిగినచో దానికి రెండింతలు, అనగా 20 సెంటీమీటర్ల దారమును లాగును. ఇరుసు మందము 6 మిల్లీమీటర్లు, చక్రపు వ్యాసము 12 సెంటీమీటర్లు అయినచో చక్రము ఇరుసుకు 20 రెట్లు. కావున దారము లాగుచుండగా బండి 20 × 20 = 400 సెంటీమీటర్లు, అనగా 4 మీటర్లు పోవును. మీటను 30 సెంటీమీటర్లకు పెంచినచో 60 సెంటీమీటర్ల దారము, 12 మీటర్ల దూరము. కాని దారమును లాగు బలము మూడవ వంతుకు తగ్గును. దూరము మూడింతలు, బలము మూడవ వంతు. రెంటి లబ్ధము మారలేదు. ఆ లబ్ధమునే శాస్త్రమున పని అందురు. బస్సు డ్రైవరు బయలుదేరునపుడు మొదటి గేరును, పరుగులో పై గేరును వేయుటయు ఈ నియమము వలననే.

వడి కావలెనన్న మీట పొట్టిగ నుండవలెను, ఇరుసు కొంచెము మందముగ నుండవలెను, బండి మిక్కిలి తేలికగ నుండవలెను. ఘర్షణను విడిచి లెక్కించినచో, అదే శక్తితో బరువు నాలుగవ వంతైన బండి వడి రెండింతలగును. అయితే బలము మితిమీరినచో చక్రము నేలపై జారి వట్టిగా తిరుగును. సీడీ అంచునకు రబ్బరు బెలూను ముక్కను తొడిగినచో పట్టు దొరకును.

దూరము కావలెనన్న మీట పొడవుగ, ఇరుసు సన్నముగ, చక్రములు పెద్దవిగ నుండవలెను. బండి మెల్లగా సాగవలెను. బలము ఘర్షణకంటె కొంచెమే అధికమై యుండుట మేలు. అంతకు తగ్గినచో బండి కదలనే కదలదు. ఇరుసు తిరుగుచోట కుట్టుమిషను నూనె ఒక చుక్క వేయవలెను. రెండు ఇరుసులు సమాంతరముగ లేనిచో బండి వంకరగా పోవును. ఏటికొప్పాక పనివారు అంకుడు కర్రను తరిమెన పట్టునపుడు నడిమధ్య తప్పినచో బొమ్మ చెడును. చక్రమునకును అంతే. మెరీనా ఇసుకపై సైకిలు త్రొక్కిన వారికి నేల స్వభావము తెలియును. కావున నున్నని వరండాలోనే పరీక్షింపవలెను.

పరీక్షించు విధము

నేలపై 5 మీటర్ల దూరమును సుద్దతో గుర్తింపవలెను. బండి దానిని 2.5 సెకండ్లలో దాటినచో సగటు వడి సెకండునకు 2 మీటర్లు. ప్రతి పరీక్షను మూడుమార్లు చేసి సగటు తీయవలెను. ఒకమారు ఒక్క భాగమునే మార్చవలెను. మీటను, చక్రమును ఒకేసారి మార్చినచో ఫలితము దేనివలన కలిగినదో తెలియదు. బోను కమ్మి వేళ్లను గాయపరచును గనుక పెద్దలు దగ్గర నుండవలెను.

తలిదండ్రులకు

తెలుగులో చదివిన పిల్లలకు శాస్త్రము వచ్చునా అని కొందరు తలిదండ్రులు మమ్ము అడుగుచుందురు. 2006లో తమిళ అభ్యసన చట్టము వచ్చినది మొదలు ఈ సందేహము మరింత బలపడినది. ఈ గడ్డపై బ్రతుకు మన పిల్లలు తమిళమును చక్కగా నేర్వవలసినదే. అయితే బండి ఏల ఆగినదో పిల్లవాడు మొదట ఇంటి భాషలో ఆలోచింపగలిగినచో, ఆ విషయమును మరియొక భాషలో చెప్పుట కష్టము కాదు. మన బలము తమిళమున విసై, ఘర్షణ ఉరాయ్వు, స్ప్రింగు సురుళ్‌విల్. ఇరుసు అను మాట రెండు భాషలందును కలదు. అర్థమెరిగిన వానికి ఇవి నాలుగు మాటలు మాత్రమే. అర్థమెరుగని వానికి ఏ భాషలోనైనను వట్టి కంఠపాఠమే. కావున సాయంకాలమున మీ బిడ్డ బండిని విడుచునపుడు ప్రక్కన కూర్చుండి, "ఎందుకు ఆగినది?" అని తెలుగులో అడుగుడని మా మనవి.

అభ్యాసము

1. మీట 15 సెంటీమీటర్లు, ఇరుసు 6 మిల్లీమీటర్లు, చక్రము 12 సెంటీమీటర్లు అయినచో దారము లాగుచుండగా బండి ఎంత దూరము పోవును?

2. ఇరుసును 3 మిల్లీమీటర్లకు తగ్గించినచో దూరమేమగును? చక్రము నేలను నెట్టు బలమేమగును?

3. దారము అయిపోయిన పిదపకూడ బండి కొంతదూరము పోవుటకు కారణమేమి?