రోము నుండి ఫ్లోరెన్సుకు: దంపతుల కారు ప్రయాణం

వివాహ రజతోత్సవానికి రోము నగరం చూసి రావాలని కోరుకునే దంపతులు మన విచారణల్లో చాలామంది ఉన్నారు. ఒకప్పుడు ఆ యాత్ర గురువుగారి వెంట, బస్సులో, బృందంగా సాగేది. ఇప్పుడు విదేశాల్లో ఉన్న పిల్లలే టిక్కెట్లు తీసి పంపుతున్నారు. అక్కడ కారు అద్దెకు తీసుకొని ఇద్దరమే తిరిగి వద్దామనుకునేవారూ ఉన్నారు. ఈ వారం పాఠం వారి కోసం.

రోము నుండి ఫ్లోరెన్సుకు ఎ-1 మోటారు రహదారి మీద సుమారు 280 కిలోమీటర్లు. ఆగకుండా పోతే మూడు గంటల దారి. అలా పోయేటట్లయితే రైలే మేలు, కారు దండగ. ఓర్వియేతో, అస్సీసి మీదుగా మూడు రోజులు పెట్టుకోగలిగినవారికే ఈ ప్రయాణం.

ముందుగా కాగితాల సంగతి. మన లైసెన్సు ఒక్కటే అక్కడ చాలదు. ఆర్.టి.ఓ. ఆఫీసులో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిటు తీసుకోవాలి. అది ఒక సంవత్సరం చెల్లుతుంది. దానితోపాటు అసలు లైసెన్సు కూడా వెంట ఉండాలి. కారు మాట్లాడుకునేటప్పుడే గేర్లు మార్చనవసరం లేని ఆటోమేటిక్ బండి కావాలని అడగండి. అడగకపోతే గేర్ల బండి చేతిలో పెట్టే అవకాశం ఎక్కువ, ఆ గేర్లను కుడిచేత్తో వేయాలి!

ఇక అసలు విషయానికి వద్దాం. అక్కడ బండ్లు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి, నడిపేవారు ఎడమవైపున కూర్చుంటారు. పాతికేళ్లు మన రోడ్ల మీద నడిపిన భర్తగారికి కారు తన ఎడమవైపుకు విస్తరించి ఉండటం అలవాటు. ఇప్పుడు అది కుడివైపుకు విస్తరించి ఉంది. కాబట్టి తెలియకుండానే బండిని కుడి అంచుకు జరుపుతూ ఉంటారు. ఆ అంచున గోడ ఉందా, కాలువ ఉందా, ఆగి ఉన్న మరొక కారు అద్దం ఉందా అన్నది కుడి సీటులో కూర్చున్న భార్యకే ముందు తెలుస్తుంది. "ఏవండీ, ఇటు బాగా దగ్గరకొచ్చేశారు" అని ఆమె అంటే అది భయం కాదు, సమాచారం. "నాకు తెలుసులే, నువ్వు కాసేపు ఊరుకో" అనే మన ఇంటి జవాబు అక్కడ పనికిరాదు, ఎందుకంటే ఆ క్షణాన ఆయనకు నిజంగా తెలియదు. భార్య నడిపి భర్త పక్కన కూర్చున్నా ఇదే నియమం. మొదటి గంటలో సిగ్నలు వేయబోయి వైపర్లు తిప్పడం మామూలే. మిట్టమధ్యాహ్నపు ఎండలో వైపర్లు ఆడితే ఇద్దరూ నవ్వుకోండి.

కాబట్టి బండి కదలక ముందే పని పంచుకోవాలి. చక్రం ఒకరిది, దారి మరొకరిది. దారి చూసేవారు "అక్కడ, ఇటు" అనకుండా "రెండో మలుపు, కుడికి" అని స్పష్టంగా, కాస్త ముందుగా చెప్పాలి. నడిపేవారు ఆ మాటను అప్పటికప్పుడు ప్రశ్నించకూడదు. మాట తప్పయితే తరువాత మాట్లాడుకోవచ్చు. మోటారు రహదారిలో ప్రవేశించేటప్పుడు యంత్రం దగ్గర చీటీ తీసుకొని, బయటికి వచ్చేచోట సొమ్ము చెల్లించాలి. దిగవలసిన చోటు దాటిపోతే వెనక్కు నడపటం ప్రాణాపాయం, పెద్ద నేరం కూడా. తరువాతి దారిలో దిగి తిరిగి రావాలి. దీనికి అయ్యేది కొన్ని యూరోలు, కొన్ని నిమిషాలు. కానీ ఆ కొన్ని నిమిషాల్లోనే పాతికేళ్ల లెక్కలన్నీ బయటికి తీసే దంపతులు ఉంటారు. వేగ పరిమితి గంటకు 130 కిలోమీటర్లు, వానలో 110. రెండు చోట్ల మధ్య సగటు వేగాన్ని లెక్కగట్టే యంత్రాలు ఉన్నాయి గనుక కెమెరా కనిపించినప్పుడు మాత్రమే తగ్గిస్తే లాభం లేదు. బంకు దగ్గర ఇంకొక జాగ్రత్త. అక్కడ 'బెంజీనా' అంటే పెట్రోలు, 'గాసోలియో' అంటే డీజిలు.

మొదటి రోజు ఓర్వియేతో. ఎత్తయిన రాతిగుట్ట మీది ఊరు. కారును కింద రైల్వే స్టేషను దగ్గర వదిలి, తాడు లాగే చిన్న రైలులో పైకి వెళ్లవచ్చు. 1263లో బోల్సేనా ఊరిలో దివ్యసత్ప్రసాదం నుండి రక్తం స్రవించిందని చెప్పే సంప్రదాయం మన పాఠకులకు తెలిసిందే. ఆ రక్తపు మరకలు గల వస్త్రాన్ని ఇక్కడి ప్రధాన దేవాలయంలో భద్రపరిచారు. 4వ ఉర్బన్ పోపుగారు 1264లో క్రీస్తు దివ్యశరీర మహోత్సవాన్ని సర్వ శ్రీసభకు విస్తరించింది ఈ ఊరి నుండే. లోపలికి వెళ్లే తొందరలో గుడి ముందు గోడను వదిలేయకండి. ఎడమ చివరి స్తంభం మీద ఆదాము నిద్రిస్తుండగా అతని ప్రక్కటెముకతో ఏవను సృష్టించిన దృశ్యం చెక్కి ఉంది. తరువాత పునీత పాట్రిక్ బావి చూడండి. 1527లో సైన్యాలు రోమును దోచుకున్నప్పుడు ఇక్కడ తలదాచుకున్న 7వ క్లెమెంట్ పోపుగారు, ముట్టడి వస్తే నీరు ఉండాలని తవ్వించినది. దిగటానికి ఒక మెట్లవరుస, ఎక్కటానికి వేరొకటి. నీరు మోసే కంచరగాడిదలు ఎదురుపడకుండా ఈ ఏర్పాటు. మెట్లు 248. మోకాళ్ల నొప్పులున్నవారు పైనుండి తొంగి చూస్తే చాలు.

అక్కడి నుండి అస్సీసికి కొండదారుల్లో గంటన్నర పడుతుంది. ఇక్కడా కారు ఊరి గోడల బయటే. పునీత ఫ్రాన్సిస్ దేవాలయంలో పై గుడి కప్పు 1997 సెప్టెంబరు 26న భూకంపానికి కూలి నలుగురు మరణించారు. రెండేళ్లకే దానిని బాగుచేసి 1999లో తిరిగి తెరిచారు. తల పైకెత్తి చూస్తే ఎక్కడ కూలిందో పోల్చుకోవటం కష్టం. 15 ఏళ్ల ప్రాయంలో 2006లో మరణించి, 2025 సెప్టెంబరు 7న పునీతుడైన కార్లో అక్యూటిస్ దేహం కూడా ఈ ఊరిలోనే ఉంది. ఇంటి దగ్గర కుర్రవాళ్లుంటే వారు మొదట అడిగేది దీనిగురించే. రాత్రి అస్సీసిలోనే బస చేయండి. బస్సు యాత్రికులు వెళ్లిపోయాక ఆ వీధుల్లో ఇద్దరూ మాట్లాడుకుంటూ నడవటానికి మూడు రోజుల్లో దీనికి మించిన సమయం దొరకదు. తెల్లవారి బయలుదేరేటప్పుడు కొండ దిగువన ఉన్న పోర్జుంకులా గుడిని దర్శించండి. పెద్ద దేవాలయం గోపురం కింద చిన్న రాతి గుడి అది. దానికి దగ్గరలోనే ఫ్రాన్సిస్ 1226లో కన్నుమూశారు.

త్రసిమేనో సరస్సు పక్కగా ఫ్లోరెన్సుకు దారి హాయిగా ఉంటుంది. చిక్కంతా ఊరు చేరాకే. పాత పట్టణంలోకి అనుమతి లేని కార్లు వెళ్లరాదు. దానిని జెడ్.టి.ఎల్. అంటారు. తెల్లని గుండ్రటి బోర్డుకు ఎర్రని అంచు ఉంటుంది. దాని దగ్గర 'వార్కో అత్తీవో' అని వెలిగితే "ద్వారం పనిచేస్తున్నది" అని చదువుకొని లోపలికి వెళ్తారు మనవాళ్లు. పనిచేస్తున్నది కెమెరా! ఎంత అన్న సంగతి నెలల తరువాత ఇంటికి వచ్చిన జరిమానా కాగితంలో తెలుస్తుంది. ఫోనులోని మ్యాపు దీనిని ప్రతిసారీ హెచ్చరిస్తుందని నమ్మకండి. మేలైన మార్గం ఒకటుంది. మోటారు రహదారి మీదనే విల్లా కోస్తాంజా అనే పార్కింగు ఉంది. కారును అక్కడే వదిలి ట్రాము ఎక్కితే నేరుగా ఊరి నడుమ దిగవచ్చు.

ఫ్లోరెన్సులో 1436లో పూర్తయిన ప్రధాన దేవాలయ గోపురాన్ని అందరూ చూస్తారు. దంపతులు మాత్రం ఆర్నో నది దాటి, కార్మెల్ మాత దేవాలయంలోని బ్రంకాచ్చి ప్రార్థనాలయానికి కూడా వెళ్లాలి. ఏదెను తోట నుండి వెళ్లగొట్టబడుతున్న ఆదాము ఏవలను మసాచో అనే యువ చిత్రకారుడు అక్కడి గోడ మీద చిత్రించాడు. ఇరవై ఏడేళ్లు నిండకుండానే 1428లో చనిపోయాడాయన. ఆదాము రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఏవ ముఖం పైకెత్తి రోదిస్తున్నది. ఒకరినొకరు చూసుకోవటం లేదు, తాకటం లేదు. అడుగులు మాత్రం ఇద్దరివీ ఒకే దిక్కుకు పడుతున్నాయి. ఓర్వియేతో గోడ మీది ఏవను చూసి వచ్చినవారికి ఈ బొమ్మ ముందు నుండి కదలటం కష్టమే. కొద్దిమందిని చొప్పున లోనికి పంపుతారు గనుక ముందుగానే సమయం తీసుకొని వెళ్లండి.