ఊపిరికి సంబంధించిన ఇంగ్లీషు మాటలు – వాటి అర్థాలు

ఆస్పత్రిలో డాక్టర్లు, నర్సులు మాట్లాడుకునే మాటల్లో సగం ఇంగ్లీషులోనే ఉంటాయి. మంచం పక్కన కూర్చున్న మీ చెవిన వాటిలో ఒకటి రెండు పడతాయి. అర్థం తెలియక అనవసరంగా భయపడతారు. లేదా జాగ్రత్తపడవలసిన చోట ఊరుకుంటారు. రెండూ నష్టమే. అందుకే ఊపిరి గురించి తరచుగా వినిపించే కొన్ని మాటలను ఇక్కడ వివరిస్తున్నాము.

బ్రెత్, బ్రీద్

బ్రెత్ అంటే ఊపిరి. బ్రీద్ అంటే ఊపిరి తీసుకోవడం. 'బ్రీద్ ఇన్' అంటే గాలి పీల్చండి, 'బ్రీద్ అవుట్' అంటే వదలండి, 'హోల్డ్ యువర్ బ్రెత్' అంటే ఊపిరి బిగబట్టండి అని. ఛాతీ ఎక్స్‌రే తీసేటప్పుడు గట్టిగా పీల్చి బిగబట్టమంటారు. అప్పుడు ఊపిరితిత్తులు బాగా విచ్చుకొని ఫిలిం స్పష్టంగా వస్తుంది. మీ ఇంటి పెద్దవారికి ఇంగ్లీషు రాకపోతే ఈ మాటలు ముందే తెలుగులో చెప్పి ఉంచండి.

ఇన్‌స్పిరేషన్, ఎక్స్‌పిరేషన్

ఇన్‌స్పిరేషన్ అంటే స్ఫూర్తి అని బడిలో చదువుకున్నాము. వైద్యంలో మాత్రం గాలి లోపలికి పీల్చడం. ఎక్స్‌పిరేషన్ అంటే గాలి బయటికి వదలడం. ఈ రెండూ ఊపిరి తీయడం అనే అర్థమున్న ఒకే లాటిన్ మాట నుంచి పుట్టాయి. అయితే 'ఎక్స్‌పైర్ అయ్యారు' అంటే చనిపోయారని అర్థం. మందు అట్టమీద 'ఎక్స్‌పైరీ' అంటే గడువు ముగిసే తేదీ. కాబట్టి కేసుషీటులో 'ఎక్స్‌పిరేటరీ వీజ్' అని కనబడితే కంగారు పడకండి. ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూతలు వస్తున్నాయని మాత్రమే దాని అర్థం.

డిస్ప్నియా, ఆర్థోప్నియా, ఆప్నియా

డిస్ప్నియా అంటే ఆయాసం. దీనినే 'ఎస్.ఓ.బి.' అని కూడా రాస్తారు. ఆర్థోప్నియా అంటే పడుకుంటే ఆయాసం రావడం, లేచి కూర్చుంటే తగ్గడం. గుండె బలహీనపడినప్పుడు ఇది కనిపిస్తుంది. "రాత్రి ఎన్ని దిండ్లు వేసుకుంటారు?" అని డాక్టరుగారు అడిగేది ఇందుకే. సరిగ్గా చెప్పండి. ఆప్నియా అంటే ఊపిరి కాసేపు ఆగడం. గురక పెట్టేవారికి నిద్రలో ఇలా ఆగుతుంటే అది పక్కన పడుకునే మీకే తెలుస్తుంది. తప్పక చెప్పండి.

రెస్పిరేటరీ రేట్

నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారన్న లెక్క ఇది. విశ్రాంతిగా ఉన్న పెద్దవారిలో 12 నుంచి 20 వరకు ఉంటుంది. పసిపిల్లలకు దగ్గు, జలుబు ఉన్నప్పుడు, బిడ్డ ఏడవకుండా ఉండగా నిండు నిమిషం లెక్కపెట్టండి. ఈ క్రింది లెక్క దాటితే న్యుమోనియా కావచ్చు, వెంటనే తీసుకురండి.

– 2 నెలలలోపు: 60 లేక అంతకంటే ఎక్కువ
– 2 నెలల నుంచి ఏడాదిలోపు: 50 లేక అంతకంటే ఎక్కువ
– ఏడాది నుంచి 5 ఏళ్లలోపు: 40 లేక అంతకంటే ఎక్కువ

డొక్కలు ఎగరేస్తుంటే లెక్కతో పని లేదు, ఆలస్యం చేయవద్దు.

శాచురేషన్

రక్తంలో ఆక్సిజన్ ఎంత శాతం నిండి ఉందో చెప్పే అంకె. వేలికి క్లిప్పులా పెట్టే పల్స్ ఆక్సిమీటరు దీనిని చూపిస్తుంది. మామూలుగా 95 పైన ఉంటుంది. చాలాకాలంగా ఊపిరితిత్తుల జబ్బు ఉన్న కొందరికి 88 నుంచి 92 మధ్య ఉంచడమే క్షేమం. అందుచేత అంకె తక్కువగా ఉందని మీరే ఆక్సిజన్ పెంచకండి, నర్సును పిలవండి. గోళ్ళరంగు ఉన్నా, చేతులు చల్లబడినా అంకె తప్పుగా రావచ్చు.

ఆక్సిజన్, వెంటిలేటర్

"ఆక్సిజన్ పెట్టారంటే ఇక ఆఖరే" అనే మాట మనలో ఉంది. అది నిజం కాదు. న్యుమోనియా, ఉబ్బసం తగ్గేవరకు ఆక్సిజన్‌తో ఉండి నడిచి ఇంటికి వెళ్ళేవారు ఎందరో. ఆక్సిజన్ దగ్గర మంట త్వరగా అంటుకొని ఎక్కువవుతుంది. కాబట్టి బీడీ, అగరువత్తి, కొవ్వొత్తి ఏదీ వెలిగించకండి.

వెంటిలేటర్ జబ్బును నయం చేసే యంత్రం కాదు. జబ్బుకు వైద్యం జరుగుతుండగా రోగి తరఫున ఊపిరి పని చేసిపెట్టేది. గొట్టం స్వరతంతుల మధ్యగా వెళ్తుంది కనుక రోగి మాట్లాడలేరు. కాని మీ మాట వినబడుతూ ఉండవచ్చు. ధైర్యం చెప్పండి, మంచం దగ్గర ఏడవకండి. 'వీనింగ్' అనే మాట వింటే సంతోషించండి. బిడ్డకు తల్లిపాలు మాన్పించడానికి వాడే మాటే ఇది. యంత్రం సాయాన్ని కొద్దికొద్దిగా తగ్గిస్తున్నారని అర్థం.

చివరగా ఒక మాట. అర్థం కాని మాటను కాగితంమీద రాసుకొని, రౌండ్స్‌కు వచ్చినప్పుడు అడగండి. అడగడం తప్పు కాదు, అది మీ హక్కు. ఇంటికి వెళ్ళాక పెదవులు నీలంగా మారినా, ఆయాసంతో మాట పూర్తి చేయలేకపోయినా ఏ ఇంగ్లీషు మాటా అవసరం లేదు. వెంటనే 108కి ఫోన్ చేసి "ఊపిరి ఆడటం లేదు" అని చెప్పండి, చాలు.