మనస్సులో పెట్టుకొనుటయా? కడుపులో పెట్టుకొనుటయా?

పఠనీయ భాగములు: మత్తయి 18:15-35, మత్తయి 5:23-24

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములో అర్పా నదీతీరమందున్న బిలాస్‌పూర్ రైల్వే వలన పెరిగిన పట్టణము. 1887లో స్థాపింపబడిన బెంగాల్-నాగపూర్ రైల్వే కంపెనీ మార్గములు ఒక ప్రక్క బిలాస్‌పూరును, మరియొక ప్రక్క వాల్తేరును చేరినవి. ఆ మార్గముల వెంటనే ఉత్తరాంధ్ర కుటుంబములెన్నో పనికై వచ్చి ఇచ్చట నిలిచిపోయినవి. 2003 నుండి ఈ పట్టణము ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానము. దాని శివారునందలి కోనిలో 1983లో స్థాపింపబడిన గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయమున్నది.

స్వస్థలమునకు దూరమైన ఇట్టి చోట పొరుగువాడే బంధువగును. అందుచేతనే పొరుగువాడు చేసిన గాయము మరింత లోతుగా దిగును. చేబదులు తీసికొని తిరిగి ఈయనివాడు, ప్రమోషను సమయమున పైవారికి చాడీలు చెప్పినవాడు, ఆడపిల్ల పెండ్లి సంబంధమును ఒక్క మాటతో చెడగొట్టినవాడు ఆదివారమున అదే ఆలయములో ప్రక్క వరుసలో కూర్చుండవచ్చును. పొరుగింటి కతోలిక కుటుంబము ఈస్టరునకు ముందు పాపసంకీర్తనమునకు వెళ్లుట చూచిన ప్రొటెస్టంటు విశ్వాసి, “దేవుని యొద్ద ఒప్పుకొనక గురువు యొద్ద ఒప్పుకొనుట ఏల?” అని అడుగును. ఆ ప్రశ్న న్యాయమైనదే. అయితే అంతకంటె కఠినమైన ప్రశ్న యొకటి అతని కొరకే మిగిలియున్నది: గదిలో దేవుని యొద్ద ఒప్పుకొనినవాడు, తాను నొప్పించిన సహోదరుని యొద్దకు ఎప్పుడు వెళ్లెను?

1. నూరు దేనారములు చిన్న మొత్తము కాదు

క్షమింపనొల్లని దాసుని ఉపమానమును బోధించువారు తరచుగా రెండవ ఋణమును అల్పమైనదిగా చెప్పుదురు. అది సరికాదు. ఒక దేనారము కూలివాని దినవేతనమని మత్తయి 20:2 వలన తెలియుచున్నది. కాబట్టి నూరు దేనారములు మూడు నెలలకు పైబడిన కూలి. అంత డబ్బు పోగొట్టుకొనిన బీదవానికి, “అది ఏపాటిది?” అని ఎవరు చెప్పగలరు? ప్రభువు మన గాయమును తక్కువ చేయుట లేదు.

అయితే ఆయన దానిని మరియొక లెక్క ప్రక్కన నిలిపెను. ఒక తలాంతు సుమారు 6,000 దేనారములు. పదివేల తలాంతులనగా ఆరు కోట్ల దేనారములు. రెండవ ఋణమునకు ఆరు లక్షల రెట్లు. నూరు దేనారముల నష్టము నిజమైనదే. కాని దానిని అడుగుచున్నవాడు ఆరు కోట్లు మాఫీ పొంది, ఆ గుమ్మము దాటి అప్పుడే బయటికి వచ్చినవాడు. అక్కడనే అతని దోషము బయలుపడినది.

2. విడిచిపెట్టుట అను క్రియ

ఇరువది ఏడవ వచనములో రాజు ఋణమును క్షమించెనని చెప్పుటకు వాడబడిన గ్రీకు క్రియ అఫియేమి. విడిచిపెట్టుట, చేతిలోనుండి వదలివేయుట అని దాని అర్థము. శిష్యులు తమ వలలను విడిచిపెట్టినప్పుడు (మత్తయి 4:20) అదే క్రియ. బలిపీఠము నెదుట అర్పణమును విడిచి సహోదరునితో సమాధానపడుటకు వెళ్లుమని ప్రభువు ఆజ్ఞాపించినప్పుడును (మత్తయి 5:24) అదే క్రియ. వల, అర్పణము, ఋణము: మూడును చేతిలో గట్టిగా పట్టుకొనదగినవే. క్షమాపణ అనగా మరచిపోవుట కాదు, మనస్సు తేలికపడుట మాత్రమే కాదు. వసూలు చేయు హక్కు ఉండగానే దానిని వదలివేయుట.

రాజునకు ఆ శక్తి ఎక్కడనుండి వచ్చెను? అతడు కనికరపడెనని అదే వచనము తెలుపుచున్నది. ఆ గ్రీకు మాట పేగులను సూచించు పదమునుండి పుట్టినది. పాత నిబంధనలో దేవుని వాత్సల్యమును తెలుపు రహమీమ్ అను హెబ్రీ మాట గర్భమను పదముతో సంబంధము గలది. తెలుగువానికి దీనిని వివరింప నక్కరలేదు. పగ నిలుపుకొనువానిని గూర్చి, “మనస్సులో పెట్టుకొనెను” అందుము. తప్పును సహించి ఆదరించువానిని, “కడుపులో పెట్టుకొని చూచెను” అందుము. తల్లి బిడ్డను మోసినట్లు తప్పు చేసినవానిని మోయుటయే కనికరము. మోయుట యందు నొప్పి యున్నది.

3. ఒక కుటుంబము చూపిన మార్గము

బిలాస్‌పూరులో నర్మదా ఎక్స్‌ప్రెస్ ఎక్కినవారు ఇండోరు చేరుదురు. 2000 సంవత్సరమున ఛత్తీస్‌గఢ్ ఏర్పడు వరకు రెండు పట్టణములును మధ్యప్రదేశ్ రాష్ట్రములోనివే. ఆ ఇండోరు ప్రాంతమున, ఉదయనగర్ అను గ్రామములో, కేరళనుండి వచ్చిన రాణి మరియ అను కతోలిక మఠకన్య బీద ఆదివాసుల మధ్య సేవచేసెను. వడ్డీ వ్యాపారుల పట్టునుండి వారు బయటపడుటకు ఆమె తోడ్పడెను. అది కొందరికి కంటగింపాయెను. 1995 ఫిబ్రవరి 25న ఆమె బస్సులో ప్రయాణము చేయుచుండగా, అందుకు నియమింపబడిన ఒక మనుష్యుడు ఆమెను కత్తితో పొడిచి చంపెను. ఆమె వయస్సు 41 సంవత్సరములు.

హంతకునికి యావజ్జీవ శిక్ష పడెను. 2002లో రాణి మరియ చెల్లెలు, తానును మఠకన్యయే అయిన సెల్మీ పాల్, చెరసాలకు వెళ్లి అతని చేతికి రాఖీ కట్టి అతనిని సహోదరునిగా అంగీకరించెను. తల్లియు అతనిని కలిసికొని, తన కుమార్తె రక్తము అంటిన ఆ చేతులను ముద్దుపెట్టుకొనెను. కుటుంబమువారు అతని విడుదలకై విజ్ఞాపన చేసిరి. 2006లో అతడు విడుదల పొందెను. 2017 నవంబరు 4న ఇండోరులో రాణి మరియను కతోలిక సంఘము ధన్యురాలిగా ప్రకటించినప్పుడు అతడును అచ్చటనుండెను.

ఇందులో రెండు సంగతులు గమనింపదగినవి. మొదటిది, హత్యను ఎవరును చిన్న తప్పుగా చెప్పలేదు. న్యాయస్థానము తన పని చేసెను. అతడు సంవత్సరముల తరబడి చెరలోనుండెను. కుటుంబము విడిచిపెట్టినది తన పగను. రెండవది, వారి క్షమాపణ ప్రార్థనతో ఆగిపోలేదు. అది ప్రయాణము చేసెను, చెరసాల తలుపు తట్టెను, ఒక దారముగా చేతికి చుట్టుకొనెను.

4. ఎవరి యెదుట ఒప్పుకొనవలెను?

ప్రతి విశ్వాసియు సంవత్సరమునకు ఒక్కమారైనను గురువు నెదుట పాపములను ఒప్పుకొనవలెనని 1215లో జరిగిన నాలుగవ లాటరన్ మహాసభ విధించెను. దేవునికిని నరులకును మధ్యవర్తి క్రీస్తు ఒక్కడే (1 తిమోతి 2:5) గనుక సంస్కరణ సంఘములు ఆ విధిని అంగీకరింపలేదు. ఈ విషయమున ప్రొటెస్టంటు బోధ స్థిరమైనది. అయినను సంస్కర్తలు ఒప్పుకోలును త్రోసివేయలేదు. లూథరు చిన్న ప్రశ్నోత్తరిలో దానికి స్థానము కలదు. ఒకనితో ఒకడు ఒప్పుకొనవలెనని యాకోబు 5:16 మనకును ఆజ్ఞయే. మధ్యవర్తి అక్కరలేదనుట సత్యము. సహోదరుడు అక్కరలేదనుట అసత్యము. పొరుగింటి కతోలికుడు ఒక మనుష్యుని యెదుట నోరు తెరచి తన తప్పు చెప్పుచుండగా, మనము ఏ మనుష్యుని యెదుటను నోరు తెరవకుండుటయే స్వాతంత్ర్యమని యెంచిన యెడల మోసపోవుదుము.

5. ఒక హెచ్చరిక

క్షమాపణ బోధను బలహీనుల మీద కాడిగా మోపరాదు. కొట్టు భర్తను క్షమించుమని చెప్పి, భద్రత లేకుండ భార్యను అదే ఇంటికి మరల పంపుట కనికరము కాదు. మత్తయి 18వ అధ్యాయములో ఉపమానమునకు ముందు 15 నుండి 17 వచనములున్నవి. అక్కడ తప్పు తప్పుగా చెప్పబడుచున్నది, సాక్షులు పిలువబడుచున్నారు, సంఘము వినుచున్నది. క్షమించుట ఒక్కరి వలన కాగలదు. సమాధానపడుటకు ఇద్దరు కావలెను. రెండవవాడు మారుమనస్సు పొందువరకు దూరముగానుండియు పగను విడిచిపెట్టవచ్చును.

కోనిలోనైనను, కాకినాడలోనైనను, విశ్వాసి ప్రభువు నేర్పిన ప్రార్థన చేయునప్పుడెల్ల ఋణమను మాట పలుకుచున్నాడు. ఈ రాత్రి ఆ మాట యొద్ద ఒక్క క్షణము ఆగి, ఒక్క పేరు తలంచుకొనుడి. రేపు నడువవలసిన దూరము గోడ అవతలి వాకిలి వరకే కావచ్చును. అర్పణము అచ్చటనే యుండును, వెళ్లి రండి.

ధ్యానించుటకు ప్రశ్నలు

1. మీకు కలిగిన నష్టమును తక్కువ చేయకుండ, దానిని వసూలు చేయు హక్కును వదలుట మీ విషయములో ఏ క్రియగా కనబడవలెను?

2. మీరు దేవుని యొద్ద మాత్రమే ఒప్పుకొని, మనుష్యుని యొద్ద ఇంకను ఒప్పుకొనని తప్పు ఏదైన ఉన్నదా?

3. మీ సంఘములో గాయపడినవారిని, “క్షమించుము” అని తొందరపెట్టుటకు ముందు వారి మాట వినువారు ఎవరు?