మన రక్తం – మన శక్తి



స్టడీ అవర్‌లో కునికిపాట్లు పడేవారిని బద్ధకస్తులంటాం. మెట్లెక్కి ఆయాసపడేవారిని చూసి నవ్వుతాం. కానీ అందరిదీ బద్ధకం కాదు. కొందరిది రక్తహీనత. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం, అబ్బాయిల్లో 31 శాతం మందికి రక్తహీనత ఉంది. కాబట్టి ఈ పాఠాన్ని మార్కుల కోసమే కాదు, మన కోసం కూడా చదువుదాం.

రక్తంలో ఏమున్నాయి?

పెద్దవారి శరీరంలో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. అందులో సగానికి పైగా ప్లాస్మా అనే లేత పసుపు ద్రవం. మిగిలినవి కణాలు. ఒక ఘన మిల్లీమీటరు రక్తంలో:

1. ఎర్ర రక్తకణాలు – సుమారు 50 లక్షలు. ఆక్సిజన్‌ను మోస్తాయి.
2. తెల్ల రక్తకణాలు – 4 వేల నుండి 11 వేలు. రోగక్రిములతో పోరాడతాయి.
3. రక్త ఫలకికలు – ఒకటిన్నర లక్ష నుండి 4 లక్షలు. గాయమైతే రక్తం గడ్డకట్టడానికి తోడ్పడతాయి.

ఎర్ర రక్తకణం ప్రయాణం

ఇది ఎముక మజ్జలో పుట్టి సుమారు 120 రోజులు జీవిస్తుంది. దీని నిండా హిమోగ్లోబిన్ ఉంటుంది. ఒక్కో హిమోగ్లోబిన్ అణువులో నాలుగు ఇనుప పరమాణువులుంటాయి. ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్‌ను పట్టుకునేది ఆ ఇనుమే. గుండె ఎడమ జఠరిక ఆ రక్తాన్ని ధమనుల్లోకి నెడుతుంది. కేశనాళికల దగ్గర ఆక్సిజన్ కణాలకు అందుతుంది. దాని సాయంతోనే కణాలు గ్లూకోజ్ నుండి శక్తిని పొందుతాయి.

ఇనుము చాలకపోతే హిమోగ్లోబిన్ తగ్గుతుంది. కండరాలకు, మెదడుకు ఆక్సిజన్ సరిగా అందదు. ఆ లోటు పూడ్చడానికి గుండె వేగంగా కొట్టుకుంటుంది. నీరసం, ఆయాసం, గుండెదడ, చదివింది బుర్రకెక్కకపోవడం – వీటికి కారణం ఇదే కావచ్చు.

లోటు ఎందుకు వస్తుంది?

పాత కణాల్లోని ఇనుమును శరీరం మళ్లీ వాడుకుంటుంది. అయినా ఎదిగే వయసులో అది చాలదు. అమ్మాయిలకు నెలసరిలో కొంత రక్తం పోతుంది. చెప్పుల్లేకుండా తిరిగితే కొంకిపురుగుల పిల్లలు పాదాల చర్మం గుండా లోపలికి వెళ్లి, పేగుల్లో చేరి రక్తం పీలుస్తాయి.

మనం చేయవలసినవి

* తోటకూర, మునగాకు, పప్పులు, మాంసం, కాలేయం తినాలి. తోడుగా నిమ్మ, జామ, ఉసిరి ఉంటే ఇనుము బాగా ఒంటబడుతుంది.
* అన్నం తినగానే టీ తాగకూడదు. టీ ఇనుమును ఒంటబట్టనివ్వదు.
* మరుగుదొడ్డికి చెప్పులతోనే వెళ్లాలి. నులిపురుగుల మాత్ర ఇచ్చిన రోజున తప్పక వేసుకోవాలి.
* హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవాలి. 100 మి.లీ. రక్తంలో అమ్మాయిలకు 12 గ్రాములు, 15 ఏళ్లు దాటిన అబ్బాయిలకు 13 గ్రాములు తగ్గకూడదు.

ఐరన్ మాత్ర వేసుకుంటే విరేచనం నల్లగా వస్తుందని కొందరు భయపడి మానేస్తారు. అది శరీరం పీల్చుకోని ఇనుము రంగు. భయం లేదు. భోజనం తర్వాత వేసుకుంటే వికారం తగ్గుతుంది.

ఆ మాత్రలో ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లం కూడా ఉంటుంది. కొత్త రక్తకణాలు తయారవ్వాలంటే అది కావాలి. 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో దాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మన తెలుగువాడి శ్రమ కలిసిన ఆ మాత్రను కిటికీలోంచి పారేయకండి!