12.3 కార్బురేటర్ సరిచేయడం

ఈ భాగం చదివిన తరువాత మీరు కార్బురేటర్ లోపాన్ని గుర్తించి, ఐడ్లింగ్ సరిచేయగలుగుతారు.

ఢిల్లీ పరిసరాల్లోని ధారూహేడాలో 1985లో హీరో హోండా సి.డి.100 తయారీ మొదలైంది. ఇలాంటి బళ్ళలో పెట్రోలును గాలితో కలిపేది కార్బురేటరే. 2020 ఏప్రిల్ 1న బి.ఎస్.-6 ప్రమాణాలు వచ్చాక కొత్త బళ్ళలో చాలావాటికి ఇంజెక్షన్ పద్ధతి వచ్చింది. అయినా పాత బళ్ళు మరమ్మతుకు వస్తూనే ఉంటాయి.

ముందుగా చూడవలసినవి

ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగా ఉందా? ప్లగ్ విప్పి చూడండి. మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది. అలాంటి బండి కాలుష్య పరీక్షలో తప్పవచ్చు. తెల్లగా ఉంటే గాలి ఎక్కువ. లేత గోధుమరంగు ఉంటే మిశ్రమం సరిగా ఉన్నట్లే.

చేసే పద్ధతి

1. ఇంజను ఆపి, మిక్చర్ స్క్రూను మెల్లగా చివరిదాకా బిగించండి. బలంగా బిగిస్తే మొన పాడవుతుంది. తరువాత బండి పుస్తకంలో చెప్పినన్ని చుట్లు వదులు చేయండి.
2. ఇంజను వేడెక్కాక చోక్ తీసివేయండి.
3. స్క్రూను కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పండి. ఇంజను వేగంగా, నిలకడగా తిరిగేచోట ఆపండి.
4. ఐడ్లింగ్ స్క్రూతో పుస్తకంలో చూపిన వేగానికి తగ్గించండి.

జాగ్రత్త: ఢిల్లీ చలికి తట్టుకోలేక షట్టరు దించి ఇంజను నడపకండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. అది ప్రాణం తీస్తుంది.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి

ప్రశ్న: మిక్చర్ స్క్రూ ఎంత తిప్పినా ఇంజను వేగం మారడం లేదు. ఎందుకు?

జవాబు: స్లో జెట్‌లో చెత్త అడ్డుపడి ఉండవచ్చు. ఇంజను చల్లారాక విప్పి, నిప్పుకు దూరంగా పెట్రోలుతో కడిగి, పంపుతో గాలి కొట్టండి. తీగతో పొడవకండి. రంధ్రం పెద్దదైతే బండి పెట్రోలు తాగుతుంది.