పంపుసెట్టు బోర్డునకు లైబ్రరీ జతపరచుట

పంపుసెట్టును నడుపుటకు ఆర్డుఇనో ఊనో బోర్డును అమర్చుకొను రైతులు, రిలేను పనిచేయించు ఆదేశములను తామే వ్రాయనక్కరలేదు. ఇతరులు వ్రాసియుంచిన ఆదేశముల కట్టను ప్రోగ్రామునకు జతచేసికొనవచ్చును. దీనిని లైబ్రరీ యందురు. పేరుకే గాని ఇందు పుస్తకము లుండవు. కంప్యూటరులో దానిని చేర్చి, ప్రోగ్రాము మొదట ‘ఇంక్లూడ్’ అని దాని పేరు వ్రాసినచో జతపడును. అంతటితో పని ముగిసినదని తలపరాదు.

బజారులో దొరకు రిలే పలకలలో పెక్కింటికి పిన్నుపై వోల్టేజి తగ్గినప్పుడే రిలే పట్టును. లైబ్రరీ ఇందుకు విరుద్ధముగా వ్రాయబడియున్నచో, ‘ఆపు’ అన్న ఆజ్ఞకే మోటారు తిరుగును. అంతేకాదు, పిన్నును అవుట్‌పుట్‌గా మార్చిన క్షణమున అది మామూలుగా ‘లో’ స్థాయికి పోవును. కావున ముందు ‘హై’ వ్రాసి, పిదపనే అవుట్‌పుట్ చేయవలెను. లైబ్రరీ ఏ వరుసను పాటించుచున్నదో దాని ఫైలు తెరచి చూడుడు. కరెంటు పోయి వచ్చినప్పుడెల్ల ఈ వరుస మొదటినుండి జరుగును. ఆ వేళ ఫుట్‌వాల్వు బాగుచేయుచు బావిలో మనిషి యుండవచ్చును!

మోటారు తీగలు విప్పి, రిలేకు బ్యాటరీ బల్బు కట్టి, బోర్డునకు కరెంటు పదిసార్లు తీసి యిచ్చి చూడవలెను. ఒక్కసారి మిణుకుమన్నను ప్రోగ్రాము సరిదిద్దవలసినదే. రిలేకు మోటారును నేరుగా కట్టరాదు. స్టార్టరు కాయిలునైనను, దాని వోల్టేజి రిలేపై ముద్రించిన పరిమితికి లోబడినప్పుడే ఎలక్ట్రీషియనుచే కట్టించవలెను. బావిలో దిగువారు మెయిన్ స్విచ్చి ఆపి, ఫ్యూజులు ఊడదీసి తమవెంట ఉంచుకొనవలెను.