ఆన్‌లైన్ బజారు – ఎదురింటి దుకాణం

ఎం.కాం. చదువుతున్నాం కదా అని ఈ సంచికకు వాణిజ్యం మీద వ్యాసం రాయమన్నారు. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసింది మేమే మొదట. కనుక పెద్ద మాటల జోలికి పోకుండా, మనకు తెలిసిన పుస్తకం కొనుగోలుతోనే మొదలుపెడతాం.

2007లో బెంగళూరులో సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్ అనే ఇద్దరు యువకులు ఫ్లిప్‌కార్ట్ ప్రారంభించారు. మొదట్లో అమ్మింది పుస్తకాలే. వారికి తొలి ఆర్డరు ఎక్కడి నుండి వచ్చిందో తెలుసా? మన మహబూబ్‌నగర్ నుండి! జాన్ వుడ్ రాసిన ఒక ఇంగ్లీషు పుస్తకం కోసం. మన వైపు మంచి పుస్తకం కావాలంటే హైదరాబాదు కోఠికి బస్సెక్కడమే అలవాటు. బస్సు ఛార్జీ, ఒక రోజు పోవడం, ఆపైన పుస్తకం ధర. ఆన్‌లైన్ వ్యాపారం మనకు ముందుగా తగ్గించింది ఈ తిరుగుడు ఖర్చునే. పోటీ పరీక్షలకు చదివేవారికి ఇది చిన్న మేలు కాదు.

అయితే కంటితో చూడని వస్తువుకు ముందే డబ్బు కట్టడానికి మనవాళ్ళు ఒప్పుకోరు. కార్డులున్నవారూ అప్పట్లో తక్కువే. అందుకే 2010లో ఫ్లిప్‌కార్ట్ క్యాష్ ఆన్ డెలివరీ పెట్టింది. వస్తువు చేతికి వచ్చాకే డబ్బు! 2013లో అమెజాన్ మన దేశంలో అమ్మకాలు మొదలుపెట్టింది. 2016లో యూపీఐ వచ్చాక ఫోనే పర్సు అయింది.

కొనే అలవాటు కూడా మారింది. పూర్వం దసరాకో, సంక్రాంతికో, పంట డబ్బు చేతికొస్తేనో బట్టలు కొనేవారు. ఇప్పుడు కంపెనీ సేల్ ప్రకటించిన రోజే పండుగ. 2014 అక్టోబరు 6న ఫ్లిప్‌కార్ట్ పెట్టిన మొదటి పెద్ద సేల్‌కు జనం ఎంతగా ఎగబడ్డారంటే, సైటు తట్టుకోలేకపోయింది. మరునాడు యజమానులే క్షమాపణ చెప్పుకున్నారు. అవసరం పుట్టాక కొనడం పోయి, తగ్గింపు చూశాక అవసరం పుట్టడం వచ్చింది. ఇందులో మేమూ తక్కువ తినలేదు లెండి.

ఇకపోతే ఒక ముఖ్య విషయం. విదేశీ పెట్టుబడి ఉన్న ఇలాంటి కంపెనీలు సొంత సరుకును నేరుగా మనకు అమ్మకూడదని ప్రభుత్వ నియమం. అవి సంత నడిపేవారి వంటివి. అమ్మేవాడు వేరే ఊళ్ళో ఉంటాడు, కంపెనీ కమీషన్ తీసుకుంటుంది. ఈ తేడా మాకు దెబ్బ తగిలాకే తెలిసింది. కానిస్టేబుల్ పరుగు పందెం కోసం తమ్ముడికి బూట్లు తెప్పిస్తే, 8 నంబరుకు బదులు 6 వచ్చింది. వాపసు తీసుకోమంటే, అమ్మినవాడు కుదరదన్నాడు, కంపెనీ అమ్మినవాడిని అడగమంది. చివరకు 1915కు ఫోన్ చేశాం. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. కొన్నాళ్ళకు డబ్బు తిరిగి వచ్చింది గాని, పరుగు పరీక్ష మాత్రం పాత బూట్లతోనే జరిగిపోయింది.

2020 జూలైలో వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం, చెప్పినదానికి భిన్నమైన వస్తువు పంపితే అమ్మినవాడు వాపసు తీసుకోనని అనకూడదు. మన ఫిర్యాదు అందినట్లు కంపెనీ 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. అప్పటికీ కాకపోతే మనం ఉండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌కే వెళ్ళవచ్చు. 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు. పార్సెల్ విప్పేటప్పుడు పక్కవాడి చేత ఫోనులో వీడియో తీయించండి. బిల్లు పారేయకండి.

మరి మన హాస్టల్ ఎదురింటి దుకాణం సంగతేమిటి? నోటుబుక్కులు, పెన్నులు ఇప్పుడు ఫోనులో చవకగా దొరుకుతున్నాయి. ఆయన గిరాకీ తగ్గిందన్నది మా కళ్ళతో చూసినదే. పది నోటుబుక్కులు కొనే ఆయనకూ, వేలల్లో కొనేవాడికీ హోల్‌సేలు వ్యాపారి ఒకే ధర ఇవ్వడు కదా! కానీ కాస్మొటిక్ ఛార్జీలు రాని నెలల్లో సబ్బు, నూనె, పెన్ను రీఫిల్లు మనకు అరువిచ్చింది ఎవరు? ఇప్పుడు ఫోనులోనూ అప్పు పుడుతుంది. తేదీ దాటితే అదనంగా కట్టాలి. ఆయన తేదీ అడగలేదు, వడ్డీ అడగలేదు, మన మొహం చూసి రాసుకున్నాడు.

పోయిన నెల వెళితే ఆ ఎర్ర అట్ట పుస్తకం తీసి చూపించారు. మా పేరు మీద ఇంకా 140 రూపాయలు ఉన్నాయి. వార్షికోత్సవం రోజు వచ్చి కడతామని చెప్పాం.